వెతికినవన్నీ వచ్చాయా?

వెబ్‌సైట్‌లో ఏదైనా వెతికినప్పుడు ఎర్రర్ వస్తే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఇంకొకరు సరిచేస్తారు. ఒక్కటీ దొరక్కపోయినా అనుమానం పుడుతుంది. యాభై రావలసిన చోట ముప్పై ఏడు వచ్చినప్పుడే అసలు చిక్కు. పేజీ నిండుగానే కనిపిస్తుంది. వెతికినవాళ్లు ఉన్నవి ఇవే కాబోలనుకుని వెళ్లిపోతారు. రాని పదమూడింటి గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, అవి ఉన్నాయనే సంగతే తెలియదు కనుక. డేటాబేస్‌లో భద్రంగా ఉండి కూడా సెర్చ్‌లో కనబడని రికార్డుల గురించి కొన్ని విశేషాలు ఇవి.

75 అనుకున్నారు, 20 వచ్చింది

1985 మార్చిలో డేవిడ్ బ్లెయిర్, ఎం.ఇ. మారన్ అనే పరిశోధకులు ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక పెద్ద దావాకు సంబంధించిన దాదాపు 40,000 పత్రాలను, అంటే సుమారు 3,50,000 పేజీలను, ఐబీఎం వారి స్టెయిర్స్ అనే సెర్చ్ వ్యవస్థలోకి ఎక్కించారు. కేసు చూస్తున్న లాయర్లు ముందే ఒక షరతు పెట్టారు: తమకు పనికొచ్చే పత్రాల్లో కనీసం 75 శాతం దొరకాలి. తృప్తి కలిగేదాకా మళ్లీ మళ్లీ వెతికించుకున్నారు. చివరికి 75 శాతం వచ్చేశాయని నమ్మారు కూడా. ఆ తర్వాత పరిశోధకులు బయటికి రాని పత్రాల్లోంచి నమూనాలు తీసి, వాటిని కూడా ఆ లాయర్లకే చూపించి లెక్కగట్టారు. దొరికినవి సగటున 20 శాతమే.

యంత్రం చెడిపోలేదు, అడిగిన మాట ఉన్న పత్రాలన్నీ తెచ్చి ఇచ్చింది. కానీ దావాలో భాగమైన ఒక ప్రమాదాన్ని కొందరు ప్రమాదమనే రాశారు, కొందరు ‘సంఘటన’ అన్నారు, ఇంకొందరు ‘పరిస్థితి’ అనో ‘సమస్య’ అనో సరిపెట్టారు. ‘ప్రమాదం’ అని వెతికితే మిగతావి ఎలా వస్తాయి? నలభై ఏళ్లు దాటినా ఈ అధ్యయనాన్ని ఇప్పటికీ తిరగేస్తూనే ఉన్నారు. అందులో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ 20 అంకె కాదు, వెతికినవాళ్లకు కలిగిన నమ్మకం.

65,536 దగ్గర ఆగిన ఇంగ్లండ్

2020 అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ ఒక విషయం బయటపెట్టింది. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలో చేరనే లేదు. ల్యాబులు పంపిన ఫైళ్లను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కిస్తున్నారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు పట్టేది 65,536 వరుసలు, అంటే రెండును పదహారుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య. పైగా ఒక్కో పరీక్ష ఫలితం పలు వరుసలు తీసుకునేది. హద్దు దాటినవి రాలిపోయాయి. ఫైలు మాత్రం మామూలుగానే తెరుచుకుంది. పరీక్ష చేయించుకున్నవాళ్లకు తమ ఫలితం అందింది గానీ, వాళ్లతో తిరిగినవాళ్లను హెచ్చరించే పని ఆలస్యమైపోయింది. 2007 నుంచి ఉన్న కొత్త ఎక్సెల్ ఫార్మాట్‌లో ఒక షీటుకు 10,48,576 వరుసలు పడతాయి.

గుండు అంకె కనిపిస్తే ఆగండి

ఫలితాల సంఖ్య సరిగ్గా 10, 1000, 10,000 అని వస్తే ముందు దాన్నే అనుమానించాలి. లోకంలో రికార్డులు అంత గుండుగా ఉండవు, ఎక్కడో ఒక హద్దు తగిలి ఉంటుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ వ్యవస్థను ఎన్ని కావాలో చెప్పకుండా అడిగితే 10 ఇస్తుంది. పేజీలు తిప్పుకుంటూ వెళ్లినా మామూలు సెట్టింగులో 10,000 దాటనివ్వదు. 7వ వెర్షన్ నుంచి మొత్తం లెక్కను కూడా 10,000 దగ్గర ఆపేసి, ‘అంతకు తక్కువ కాదు’ అన్న గుర్తు పక్కన పెడుతుంది. ఆ గుర్తును చదవకుండా అంకెను మాత్రమే పేజీ మీదికి ఎక్కించిన సైట్లలో ‘మొత్తం 10,000 ఫలితాలు’ అని కనిపిస్తుంది.

మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ ఒక్క విడతలో ఇచ్చేది 1000 పేర్లు. గిట్‌హబ్ సెర్చ్ ఏపీఐ ఎంత అడిగినా 1000 దగ్గర ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో విలువలన్నీ కలిపి ఒకే పాఠంగా ఇచ్చే గ్రూప్ కాన్‌క్యాట్ ఫంక్షన్ మామూలుగా 1024 బైట్ల దగ్గర కోసేస్తుంది. కోశానని హెచ్చరిక కూడా ఇస్తుంది, కానీ చాలా ప్రోగ్రాములు ఆ హెచ్చరికను అడిగి తెచ్చుకోవు. పీహెచ్‌పీ 2012 నుంచి మామూలు సెట్టింగులో ఒక ఫారమ్‌లోని మొదటి 1000 గడులనే తీసుకుంటుంది. వందలకొద్దీ టిక్ పెట్టెలున్న ఫిల్టర్ పేజీల్లో చివరి ఎంపికలు అక్కడే రాలిపోతాయి.

ఇంకొకటి: లోపం వెతికే మనిషి వాడే పనిముట్టుకు కూడా హద్దు ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ ఏ క్వెరీకైనా తనంతట తాను 1000 వరుసల పరిమితి తగిలిస్తుంది. ‘డేటాబేస్‌లోనే వెయ్యి ఉన్నాయండీ’ అని నిశ్చింతగా చెప్పే ముందు, తెర పైభాగంలో ఆ పరిమితి చూపే చిన్న పెట్టె చూడాలి.

దీనికి పూర్తి భిన్నంగా నడిచేది ఒరాకిల్. ‘ఈ జాబితాలో ఉన్నవి’ అని అడిగే ఇన్ షరతులో వెయ్యికి మించి విలువలు ఇస్తే చాలాకాలం పాటు ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. ప్రోగ్రామర్లు దాన్ని చాలా తిట్టుకున్నారు. నాకు మాత్రం అది మర్యాదైన పద్ధతి అనిపిస్తుంది.

ఐటీ ఉద్యోగాలు దొరకవు

మైఎస్‌క్యూఎల్ ఫుల్‌టెక్స్ట్ సెర్చ్‌లో ఇన్నోడీబీ పద్ధతి మూడక్షరాల కన్నా చిన్న మాటలను ఇండెక్స్‌లోకే తీసుకోదు. అంటే ఇంగ్లీషులో రెండక్షరాలతో రాసే ఏపీ, టీవీ, ఏసీ ఇవన్నీ దానికి లేనట్టే. ఐటీ అనే మాటకైతే రెండు అడ్డంకులు. రెండే అక్షరాలు కావడం ఒకటి, ఇంగ్లీషు ‘ఇట్’ అన్న మాటతో కలిసిపోయి పనికిరాని మాటల జాబితాలో పడటం రెండోది. ఇన్నోడీబీ వదిలేసే ఆ జాబితాలో 36 పదాలు ఉన్నాయి. వాటిలో ‘హూ’, ‘విల్’, ‘హౌ’ వంటివే కాదు, జర్మన్ ‘ఉండ్’, ఫ్రెంచి ‘లా’ కూడా కనిపిస్తాయి.

పాత మై‌ఐసామ్ పద్ధతి ఇంకా పట్టుదల గలది. కనీసం నాలుగక్షరాలు కావాలి, కనుక ఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ అన్న మాటలే దొరకవు. పనికిరాని మాటల జాబితాలో 543 పదాలు. దీనికి తోడు సహజ భాషా సెర్చ్‌లో ఒక మాట సగం లేదా అంతకన్నా ఎక్కువ వరుసల్లో ఉంటే దాన్నీ పట్టించుకోదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు రెండు మూడు వరుసలు వేసి, వాటిలో ఉన్న మాటనే వెతికి, ఏమీ రాక తల పట్టుకునేది ఇందుకే. ఈ అక్షరాల పరిమితిని సెట్టింగుల్లో మార్చినంత మాత్రాన పాత రికార్డులు దొరకడం మొదలుకావు, ఇండెక్స్‌ను మళ్లీ కట్టాలి. చాలామంది మొదటి సగం చేసి రెండో సగం మరిచిపోతారు.

ఖాళీ గడి ‘కాదు’కు కూడా చిక్కదు

డేటాబేస్‌లో ‘నల్’ అంటే సున్నా కాదు, ఖాళీ మాట కూడా కాదు, విలువ తెలియదని అర్థం. ఫిర్యాదుల పట్టిక ఒకటి ఉందనుకోండి. ‘ముగిసింది’, ‘నడుస్తోంది’ అని స్టేటస్ కాలమ్‌లో ఉంటుంది. కొత్తగా వచ్చినవాటికి ఇంకా ఏమీ రాయలేదు. పై అధికారికి ‘ముగియనివి’ చూపించాలని స్టేటస్ <> 'ముగిసింది' అని రాస్తే, ఎవరూ ముట్టుకోని ఆ కొత్త ఫిర్యాదులు ఒక్కటీ రావు. తెలియని విలువ ‘ముగిసింది’కి సమానమా అంటే తెలియదు, సమానం కాదా అన్నా తెలియదు. ‘అవును’ అని తేలినవాటినే డేటాబేస్ బయటికి పంపుతుంది. అన్నిటికన్నా ముందు కనబడవలసినవే కనబడకుండా పోతాయి.

‘ఈ జాబితాలో లేనివి’ అని అడిగే నాట్ ఇన్ అయితే ఇంకా కఠినం. లోపలి జాబితాలో ఒక్క నల్ దూరినా మొత్తం ఫలితం సున్నా అవుతుంది. ఒరాకిల్‌లో మరో విశేషం ఉంది, అక్కడ ఖాళీ మాటను కూడా నల్‌గానే చూస్తారు. అందుకే ఒక డేటాబేస్ నుంచి ఇంకో డేటాబేస్‌కు మారిన అప్లికేషన్లలో ఏళ్ల తరబడి సరిగ్గా నడిచిన సెర్చ్‌లు ఒక్కసారిగా కుంటుపడతాయి.

దీనికి దగ్గరి చుట్టం జాయిన్. రెండు పట్టికలను ఇన్నర్ జాయిన్‌తో కలిపితే, అటువైపు జోడీ లేని రికార్డు రాలిపోతుంది. ఏ విభాగమూ కేటాయించని సరుకు ఆ దుకాణం సెర్చ్‌లో ఎప్పటికీ కనిపించదు. లెఫ్ట్ జాయిన్ రాశాం కదా అని ధీమాగా ఉన్నా, కుడి పట్టిక మీద వేర్ క్లాజులో ఒక షరతు పెడితే అది మళ్లీ ఇన్నర్ జాయిన్‌లానే పనిచేస్తుంది. ఆ షరతు ఆన్ క్లాజులో ఉండాలి.

ఒక్కదాని వెంట పడటం

చేయి తిరిగినవాళ్లు ఇలాంటి లోపాన్ని పట్టుకునే తీరు వేరు. మొత్తం ఎన్ని తగ్గాయని లెక్కపెడుతూ కూర్చోరు, తప్పక రావలసి ఉండి రాని ఒక్క రికార్డును ఎంచుకుంటారు. మొదట దాని ఐడీతో నేరుగా డేటాబేస్‌ను అడుగుతారు. అక్కడ ఉంటే, అప్లికేషన్ నిజంగా పంపిన క్వెరీని లాగ్‌లోంచి తీస్తారు. మనం రాశామని అనుకుంటున్న క్వెరీ, సర్వర్‌కు చేరిన క్వెరీ చాలాసార్లు ఒకటి కావు. ఆపైన షరతులు ఒక్కొక్కటీ తీసేస్తూ నడుపుతారు. ఏ షరతు తీసేశాక ఆ రికార్డు ప్రత్యక్షమైందో తగువు అక్కడుంది. షరతులేవీ తీయకముందే ఆ క్వెరీలో రికార్డు వచ్చి పేజీలో మాత్రం రాకపోతే అనుమతులు, పేజీల విభజన, క్యాష్ వైపు వెళతారు.

ఎలాస్టిక్‌సెర్చ్‌లో దీనికోసమే రెండు పనిముట్లు ఉన్నాయి. ఎనలైజ్ అన్నది ఒక వాక్యాన్ని ఇండెక్స్ ఏయే ముక్కలుగా కోసిందో చూపిస్తుంది. ఎక్స్‌ప్లెయిన్ అన్నది ఫలానా పత్రం ఫలానా వెతుకులాటకు ఎందుకు తగిలిందో, ఎందుకు తగల్లేదో వివరంగా చెబుతుంది. రెండోదాన్ని వాడేవాళ్లు తక్కువ. వాడినవాళ్లకు గంటల పని నిమిషాల్లో తేలుతుంది.

రెండు హైదరాబాదులు

యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చినప్పటి నుంచి తెలుగు అందులో ఉంది. అయినా తెలుగులో వెతికితే రికార్డులు తప్పిపోవడానికి మన లిపిలోనే కొన్ని దారులున్నాయి.

ఐత్వాన్ని రెండు విధాలుగా నిల్వ చేయవచ్చు. ‘హై’లోని గుర్తు ఒకే కోడ్‌గా ఉండవచ్చు, లేదా ఎత్వం ఒక కోడ్, కింది కొమ్ము ఇంకో కోడ్‌గా విడివిడిగా ఉండవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, మనిషి కన్ను తేడా పట్టలేదు. మామూలుగా టైపు చేసిన ‘హైదరాబాద్’లో 9 కోడ్‌లు ఉంటాయి, విడగొట్టి రాసినదానిలో 10. ఇదేదో ఊహించిన ఇబ్బంది కాదు. యాపిల్ మాక్ కంప్యూటర్లలో చాలాకాలం వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ పేర్లన్నిటినీ ఇలా విడగొట్టి దాచేది. అక్కడి నుంచి ఫైలు పేరు అలాగే సైట్‌లోకి వస్తే, కోడ్‌లను ఉన్నవి ఉన్నట్టుగా పోల్చే సెర్చ్‌కు ఈ హైదరాబాద్ వేరు, ఆ హైదరాబాద్ వేరు. దాచేటప్పుడూ, వెతికేటప్పుడూ రెండుచోట్లా ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే రూపానికి మార్చుకోవడం దీనికి మందు. ఒక్కచోట మారిస్తే చాలదు.

‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట్ తర్వాత కంటికి కనబడని ఒక కోడ్ ఉంటుంది. ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. కొందరు దాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. ఉన్న మాటతో వెతికితే లేనిది రాదు, లేనిదానితో వెతికితే ఉన్నది రాదు. ఇంగ్లీషు నుంచి వచ్చి మన వాడుకలో కలిసిపోయిన చాలా మాటల్లో ఈ చిక్కు పొంచి ఉంటుంది. హార్డ్‌వేర్, ఫేస్‌బుక్, పాస్‌పోర్ట్ అన్నీ ఈ కోవలోవే.

నిండుసున్నా, తెలుగు అంకె సున్నా చూపుకు ఒక్కలాగే ఉంటాయి, కోడ్‌లు వేరు. స్కాన్ చేసిన పుస్తకాలను అక్షరాలుగా మార్చినప్పుడు ‘పండు’లో అంకె సున్నా వచ్చి కూర్చుంటే ఆ పండు ఎవరికీ దొరకదు. పాత పుస్తకాల్లో గుఱ్ఱం, ఇప్పటి రాతలో గుర్రం. రెండూ ఒకటేనని యంత్రానికి ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

అన్నిటికన్నా పెద్ద అగాధం అను ఫాంట్లది. దశాబ్దాల పాటు మన డీటీపీ సెంటర్లు, పత్రికలు, ప్రచురణ సంస్థలు వాడిన ఈ ఫాంట్లలో తెర మీద తెలుగు బొమ్మ కనబడుతుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్‌లు. యూనికోడ్‌లోకి మార్చకుండా వాటిని డేటాబేస్‌లో పెడితే, తెలుగులో వెతికినవారికి అంత సాహిత్యంలో ఒక్క ముక్క కూడా అందదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. రాసినవాళ్లు రాశారు, అచ్చు వేసినవాళ్లు వేశారు, ఫైళ్లు కూడా ఎక్కడో భద్రంగానే ఉన్నాయి, అందుకోవడానికి మాత్రం వీలులేదు.

చాలా సెర్చ్ వ్యవస్థలకు పునాది అయిన లూసీన్‌లో, 9వ వెర్షన్ వచ్చేసరికి, తెలుగుకంటూ ఒక ఎనలైజర్ చేరింది. లూసీన్‌ను 1999లో రాసినవాడు డగ్ కటింగ్, అది ఆయన భార్య పేరులోని మధ్య భాగం.

నవ్వు బొమ్మ తర్వాత ఏముంది?

మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అన్న పేరుతో చాలాకాలం ఉన్నది అసంపూర్ణమైన యూటీఎఫ్8. ఒక్కో అక్షరానికి 3 బైట్లే ఇస్తుంది. తెలుగు అక్షరాలకు 3 బైట్లు సరిపోతాయి కనుక మనకు లోపం తెలిసేది కాదు. ఎమోజీలకు 4 కావాలి. 2010లో 5.5.3 వెర్షన్‌తో ‘యూటీఎఫ్8ఎంబీ4’ వచ్చేదాకా, ఆ తర్వాత కూడా మార్చుకోని చోట్ల, సర్వర్ కఠిన పద్ధతిలో లేకపోతే ఎమోజీ దగ్గర వాక్యాన్ని కోసి మిగతాది పారేసేది.

ఒక కొనుగోలుదారు ‘వస్తువు చాలా బాగుంది’ అని రాసి, నవ్వు బొమ్మ పెట్టి, ‘కానీ డెలివరీ పది రోజులు ఆలస్యం, పెట్టె చినిగిపోయి వచ్చింది’ అని ముగించాడనుకోండి. డేటాబేస్‌లో మిగిలేది మెచ్చుకోలు ఒక్కటే. డెలివరీ ఫిర్యాదుల కోసం ఎంత వెతికినా ఇది రాదు. ఇక్కడ తప్పింది సెర్చ్ కాదు, దాచడంలోనే పోయింది. పోయినదాన్ని ఏ క్వెరీ తిరిగి తేలేదు.

జపాన్‌లో ఇదే కుటుంబానికి చెందిన ఇంకో సమస్య ప్రసిద్ధం. మైఎస్‌క్యూఎల్ పాత పోలిక నియమాల్లో నాలుగు బైట్ల గుర్తులన్నిటికీ ఒకే విలువ. సుషీ బొమ్మ, బీరు బొమ్మ రెండూ సమానమని తేలేవి. వాళ్లు దానికి సుషీ-బీరు సమస్య అనే పేరే పెట్టుకున్నారు.

ఎల్లయ్య, యెల్లయ్య

పేరు సరిగ్గా తెలియకపోయినా ధ్వనిని బట్టి వెతికే సౌండెక్స్ పద్ధతికి 1918లో అమెరికాలో రాబర్ట్ రసెల్ పేటెంటు పొందాడు. తర్వాత అక్కడి జనాభా లెక్కల పేర్లకు సూచికలు తయారుచేయడానికి దీన్ని వాడారు. ఇప్పటికీ ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్ వంటివాటిలో ఇది సిద్ధంగా ఉంటుంది. పేరులోని మొదటి అక్షరం ఉంచి, అచ్చులు వదిలేసి, మిగతా హల్లులను అంకెలుగా మారుస్తుంది.

మన పేర్లకు ఇది కొన్నిచోట్ల భేషుగ్గా పనిచేస్తుంది. లక్ష్మిని ఇంగ్లీషులో కె, ఎస్, హెచ్‌లతో రాసినా ఒక్క ఎక్స్‌తో రాసినా కోడ్ ఎల్250. శ్రీనివాస్‌ను ఐతో రాసినా రెండు ఈలతో రాసినా ఒకటే. బోర్లా పడేది మొదటి అక్షరం దగ్గర. మాట మొదటి ఎకారం మన నోట యెకారంగా పలుకుతుంది కనుక ఎల్లయ్య పేరును ఒక ఆఫీసులో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంతో మొదలుపెడితే ఇంకో ఆఫీసులో వై అక్షరంతో మొదలుపెడతారు. ఒకటి ఈ400, రెండోది వై400. ధ్వనిని బట్టి వెతికేదే ఇక్కడ ధ్వనిని పట్టలేకపోతుంది. ఎర్రయ్యలు, ఎల్లమ్మలు అందరిదీ ఇదే పరిస్థితి.

ఇంటిపేరు ముందుండే మన అలవాటు మరో మెలిక. ఇంటిపేరు చివర ఉంటుందని నమ్మే ఫారమ్‌లలో మనవాళ్ల పేరు ఒక్కోచోట ఒక్కోలా సర్దుకుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరుగా పడి, అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది. పేరు తెలియదని దాని అర్థం. తర్వాత అక్కడ బ్యాంకులో, ఆసుపత్రిలో పేరుతో వెతికితే దొరకకపోవడం చాలామంది తెలుగువాళ్లకు అనుభవమే.

జూన్ 30 ఏమైంది?

‘జూన్ 1 నుంచి జూన్ 30 వరకు’ అని బిట్వీన్‌తో అడిగారు. కాలమ్‌లో తేదీతో పాటు సమయం కూడా ఉంది. అప్పుడు డేటాబేస్ జూన్ 30 అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి క్షణం అనుకుంటుంది. ఆ రోజంతా నమోదైనవి నెల లెక్కలోంచి జారిపోతాయి. సర్వర్ యూటీసీలో దాస్తుంటే దీనికి ఇంకో పొర తోడవుతుంది. మన సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి జూన్ 1 తెల్లవారుజామున ఐదున్నర లోపు వచ్చినవి అక్కడ మే 31 కింద ఉంటాయి. ‘జూన్ 1 మన అర్ధరాత్రి లేదా ఆ తర్వాత, జూలై 1 మన అర్ధరాత్రికి ముందు’ అని రెండు కొసలూ విడిగా రాసి, యూటీసీలోకి మార్చి అడగడమే దారి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఏడాదికి ఒకరోజు 25 గంటలుంటాయి. అక్కడ రోజుకు 24 గంటలు కలుపుకుంటూ పోయే ప్రోగ్రాము ఆ రోజు చివరి గంటను వదిలేస్తుంది.

సగమే నడిచిన జాబితా

పేజీకి 20 చొప్పున చూపే జాబితాలో మీరు మొదటి పేజీ చదువుతుండగా ఎవరో అందులోంచి ఒకటి తొలగించారు. 21వది మొదటి పేజీలోకి జరిగింది. మీరు రెండో పేజీకి వెళితే అక్కడ 22వదాని నుంచి మొదలవుతుంది. ఆ 21వదాన్ని మీరు చూడనే చూడరు.

మనుషులు చదివే పేజీల్లో ఇది చిన్న నష్టం. ప్రోగ్రాములు ఇదే పద్ధతిలో పనిచేస్తే పెద్దది. పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులను వంద చొప్పున తీసుకుని పరిష్కరించే ప్రోగ్రాము ఉందనుకోండి. మొదటి వంద పూర్తికాగానే అవి పెండింగ్ జాబితాలోంచి వెళ్లిపోతాయి. ప్రోగ్రాము మాత్రం ‘మొదటి వంద వదిలేసి తర్వాతి వంద ఇవ్వు’ అంటుంది. మిగిలినవాటిలో మొదటి వంద ఇంకా ఎవరూ చూడనివే. ఇలా ఒక వంద చేసి ఒక వంద వదిలేస్తూ దాదాపు సగం పని చేసి, అంతా అయిపోయిందని లాగ్‌లో రాస్తుంది. చివరగా చూసిన రికార్డు ఐడీని గుర్తుంచుకుని దాని తర్వాతివి అడిగితే ఈ బెడద ఉండదు.

అకారాది క్రమం మారిన రోజు

నా దృష్టిలో వీటన్నిటిలో విచిత్రమైనది ఇది. 2018 ఆగస్టులో లినక్స్‌కు మూలాధారమైన జీలిబ్‌సీ 2.28 వెర్షన్ వచ్చింది. అందులో అక్షరాల వరుసక్రమం నియమాలను పెద్దగా సవరించారు. చిన్న ఉదాహరణ: అమెరికన్ ఇంగ్లీషు సెట్టింగులో పాత వెర్షన్ 11ను ముందు, 1-1ను తర్వాత పెట్టేది. కొత్తది 1-1ను ముందు పెడుతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా తన ఇండెక్స్‌లను ఈ క్రమం ప్రకారమే కడుతుంది. నిఘంటువులో మాట వెతికే మనిషి పేజీ తెరిచి, ఇది ముందుందా వెనకుందా అని చూసుకుంటూ పోయినట్టు అదీ వెతుకుతుంది. ఇండెక్స్ పాత క్రమంలో ఉండి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మాత్రం కొత్తదానికి మారిస్తే, వెతికే దారి తప్పుతుంది. రికార్డు పట్టికలో ఉంటుంది, ఇండెక్స్‌లోనూ ఉంటుంది, అయినా ‘లేదు’ అన్న జవాబే వస్తుంది. ఇండెక్స్ వాడకుండా మొదటి నుంచి చివరి దాకా చదివిస్తే దొరుకుతుంది. లేదనుకుని ఒకేలాంటివి రెండోసారి చేరిపోవడం కూడా జరుగుతుంది, యూనిక్ అని పెట్టుకున్న నియమం సైతం దాన్ని ఆపలేదు.

డెబియన్ 10, రెడ్‌హ్యాట్ 8 లకు మారినవాళ్లలో చాలామంది దీన్ని ఎదుర్కొన్నారు. డేటాబేస్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, అప్లికేషన్ ముట్టుకోలేదు, కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మారిందంతే. రీఇండెక్స్ చేయాలి. అనుమానం ఉన్నప్పుడు ఏఎమ్‌చెక్ అనే పనిముట్టుతో ఇండెక్స్ ఆరోగ్యం చూడవచ్చు.

మైఎస్‌క్యూఎల్ 8లో ఇలాంటి మార్పే కొంచెం చిన్న స్థాయిలో వచ్చింది. పాత నియమాల్లో మాట చివరి ఖాళీలను పోలికలో లెక్కించేవారు కాదు, కొత్త డిఫాల్ట్ లెక్కిస్తుంది. చివర స్పేస్ తగిలించి టైపు చేసిన పాత పేర్లు కొత్త నియమానికి మారాక దొరకడం మానేస్తాయి.

సగమే ఇస్తున్నానని చెప్పేవి

అమెజాన్ డైనమోడీబీ ఒక్క విడతలో చదివేది 1 ఎంబీ డేటా. ఫిల్టర్ ఆ తర్వాత పడుతుంది. చదివిన ఆ 1 ఎంబీలో మీకు కావలసింది ఒక్కటీ లేకపోతే ఖాళీ జవాబు వస్తుంది. దానితో పాటే ‘ఇక్కడి దాకా చదివాను’ అన్న తాళంచెవి ఒకటి వస్తుంది. ఖాళీని చూసి ఆగిపోకూడదు, ఆ తాళంచెవి ఇచ్చి మళ్లీ అడగాలి.

ఎలాస్టిక్‌సెర్చ్‌లో డేటా పలు ముక్కలుగా ఉంటుంది. కొన్ని ముక్కలు జవాబివ్వకపోయినా మిగతావి తెచ్చినవాటిని మామూలుగా అది అందించేస్తుంది. ఎన్ని ముక్కలు విఫలమయ్యాయో జవాబులోనే రాస్తుంది. గిట్‌హబ్ సెర్చ్ ఏపీఐ అయితే సమయం చాలక మధ్యలో ఆపేస్తే, ఫలితాలు అసంపూర్ణం అన్న గడిలో ‘నిజం’ అని పెట్టి పంపుతుంది. ఈ గుర్తులన్నీ సర్వర్ నుంచి వస్తూనే ఉన్నాయి. పేజీ తయారుచేసేవాళ్లు వాటిని చదివి ఒక్క వాక్యం చూపిస్తే, వెతికిన మనిషి రెండోసారి ప్రయత్నిస్తాడు. ఆ ఒక్క వాక్యం రాయడానికి పట్టే సమయం ఎంత?

పోస్ట్‌గ్రెస్‌లో 9.5 వెర్షన్ నుంచి వరుసల స్థాయి భద్రత ఉంది. ఎవరికి ఏ వరుసలు చూసే అనుమతి ఉందో అవే వస్తాయి, మిగతావి ఉన్నట్టు కూడా తెలియదు. భద్రతకు అది మంచిదే. మరి బ్యాకప్ తీసేవారికి కూడా అలాగే జరిగితే? సగం డేటాతో బ్యాకప్ ఫైలు తయారై, అవసరం పడిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు. పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ పనిముట్టు పీజీడంప్‌ను రాసినవాళ్లు దీన్ని ముందే ఊహించారు. అది పని మొదలుపెట్టేటప్పుడే ఈ వడపోతను ఒప్పుకోనని సర్వర్‌కు చెబుతుంది. నడుపుతున్నవారికి అన్ని వరుసలూ చూసే హక్కు లేకపోతే ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. అనుమతి ఉన్నంత మేరకే చాలనుకునేవాళ్లు ఆ మాట కమాండ్‌లో తామే విడిగా రాసి అడగాలి.